చప్పుళ్ళ పేజీకి రెండో సంతకం

నేను చెప్పబోయేది లస్మయ్య గురించి. కానీ లస్మయ్య దగ్గరికి వెళ్ళాలంటే దారిలో మా ఆయన అడ్డంగా కూర్చుని ఉంటారు కాబట్టి, ముందు ఆయన్ని దాటాలి.

మా ఆయన సూర్యప్రకాశరావు గారు పశ్చిమ రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు చేసి, సూరత్‌లోనే రిటైరయ్యారు. మొదటి నెలలో నా వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించారు. రెండో నెలలో పనిమనిషికి హాజరు పట్టీ పెట్టారు, ఆవిడ మానేసింది. మూడో నెలలో నేనేమయ్యేదాన్నో గానీ, సరిగ్గా అప్పుడే ఇందుజ వచ్చి ఆయన్ని పనిలో పెట్టింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి.

ఇందుజ మా పాత పొరుగింటివాళ్ళ అమ్మాయి. పుట్టింది, పెరిగింది ఇక్కడే. కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. సూరత్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ పనికొచ్చేలా ‘మన సూరత్’ అని ఒక వికీ మొదలుపెట్టింది. అంటే అందరూ కలిసి రాసుకునే పుస్తకం లాంటిది, ఫోనులోనే ఉంటుంది. ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసినదాన్నైనా ఎవరైనా దిద్దొచ్చు. ఏ డాక్టరు దగ్గర తెలుగు తెలిసిన నర్సు ఉంది, బడిలో చేర్చడానికి ఏ కాగితాలు కావాలి, లింబాయత్‌లో గోంగూర ఏ రోజు దొరుకుతుంది, ఇలాంటివన్నీ అందులో పేజీలు. ఎవరైనా ఒక వాక్యం తప్పు దిద్దితే పాతది చరిత్రలో భద్రంగా ఉంటుంది. కానీ పేజీకి పేజీనే తీసేస్తే మాత్రం చరిత్రతో సహా అందరి కళ్ళముందు నుంచి మాయమైపోతుంది. తీసేసే బటనూ, మళ్ళీ తెచ్చే బటనూ ఇద్దరికే ఉండేవి. ఒకరు ఇందుజ, రెండోవారు మా ఆయన.

ఆ బటన్ చేతికొచ్చాక మా ఆయనకి పదేళ్ళ వయసు తగ్గింది. పొద్దున్నే కాఫీకి ముందు రెండు పేజీలైనా తీసేయందే ఆయనకి తెల్లారేది కాదు. “ఆధారం లేని రాత ఉండకూడదు కాత్యాయనీ” అనేవారు. నా ఉలవచారు పేజీని కూడా తీసేశారు. ఆధారం కావాలంటే రాత్రి రెండుసార్లు వడ్డించుకున్న మీ కంచమే ఆధారం అన్నాను, అది లిఖితపూర్వకం కాదన్నారు.

ఇక లస్మయ్య.

లస్మయ్యది జగిత్యాల వైపు పల్లె. పదిహేడో ఏట మేనమామ వెంట సూరత్ వచ్చాడు. వాళ్ళ భాషలో పవర్‌లూమ్‌ని సాంచా అంటారు, సాంచాలు నడిచే షెడ్డు ఖాతా. మొదటి ఏడాదంతా లింబాయత్‌లోని ఒక ఖాతాలో రెండు సాంచాల మధ్య చాప పరుచుకుని పడుకున్నాడట. తర్వాత నేతగాడయ్యాడు, ఆ తర్వాత సాంచాలు బాగుచేసే మాస్టరయ్యాడు. అరవై సాంచాలు ఒకేసారి ఆడుతుంటే గుమ్మంలో నిలబడి కళ్ళు మూసుకుని, “నాల్గో వరుస, రెండోది. బెల్టు వదులైంది” అనేవాడట. వెళ్ళి చూస్తే అంతే. పక్క ఖాతాల సేట్లు స్కూటరు పంపి మరీ పిలిపించుకునేవారు.

ఇదంతా నాకు చెప్పింది అతని భార్య భూదేవి. ఆవిడ ఇంట్లోనే చీరలకు లేసు కుడుతుంది, నా చీరలకు ఫాల్ కుట్టేదీ ఆవిడే. ఒకసారి చీరలు తెచ్చినప్పుడు మామూలుగా చెప్పినట్టే చెప్పింది, లస్మయ్య చెవులు పోతున్నాయని. చెవుల డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడట. సన్నటి చప్పుళ్ళు అప్పటికే పోయాయి, మిగిలినవి ఏడాదిలో పోతాయన్నాడట. నలభై ఏళ్ళు ఆ హోరులో చెవుల్లో దూదైనా పెట్టుకోలేదా అని కేకలేశాడట.

“దూది వెట్టుకుంటె సాంచా ఏమంటుందో ఎట్ల ఇనాలె డాక్టర్ సాబ్ అన్నడమ్మా మా ఆయిన” అని భూదేవి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ సంగతి నేనే ఇందుజకి చెప్పాను. ఇందుజ వెళ్ళి లస్మయ్య ఫోనులో ‘మన సూరత్’ పెట్టి, రాయడం నేర్పి వచ్చింది. ఏడో తరగతి చదివిన మనిషి, ఒక్క వేలితో, ఖాతాకి సెలవైన రోజుల్లో కూర్చుని నాలుగు నెలల్లో ‘సాంచా చప్పుళ్ళు’ అని ఒక పేజీ రాశాడు. ముప్పై ఏడు చప్పుళ్ళు. ఏ చప్పుడు ఎలా ఉంటుంది, ఎందుకొస్తుంది, ఏం చెయ్యాలి. ‘స్టీలు గిలాసల గోలీ తిప్పినట్టు ఇనవడ్డదంటె ఎనక బోల్టు సూడు’ అని ఒకటి. ‘ముసలాయిన మెట్లెక్కినట్టు మూలిగితె నూనె అడుగుతుంది, తిట్టకు, పొయ్యి’ అని ఇంకోటి. చదువుతుంటే నాకు తెలియకుండానే నవ్వొచ్చేది. సాంచా ముఖం చూడని నాకే సాంచా మీద జాలేసింది.

ఇంకా రాయాల్సింది ఉందని, పేజీ పైన ఒక వాక్యం పెట్టాడు: ‘తువ్వాల ఏసిన. నేను తీసేదాంక ఎవ్వలు ముట్టద్దు. లస్మయ్య.’

ఒక మంగళవారం పొద్దున మా ఆయన ఆ వాక్యం చూశారు. రైల్వే మనిషి తువ్వాలు అన్న మాట చూస్తే ఏం గుర్తొస్తుంది? జనరల్ పెట్టె కిటికీలోంచి తువ్వాలు విసిరి, నా సీటు అని దబాయించేవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళతో ముప్పై నాలుగేళ్ళు గొడవపడిన మనిషి. కింద ఏముందో చదవనైనా చదవకుండా పేజీ తీసేసి, కారణం గడిలో ‘ఆధారరహితం. సీటు ఆపుకునే ధోరణి’ అని రాసి, కాఫీ తాగారు.

గురువారం లస్మయ్య, భూదేవి ఉధ్నాలో మా ఫ్లాటుకి వచ్చారు. పల్చటి మనిషి, నవ్వు ముఖం. చెవులు మందగించినవాళ్ళలాగే కాస్త గట్టిగా మాట్లాడతాడు.

“సారు, నా పేజీ కనవడ్తలేదు. ఫోనుల ఏమన్న ఖరాబైందేమో జర సూడుండ్రి.”

“ఫోను బాగానే ఉంది. నేనే తీసేశాను” అన్నారు మా ఆయన, కాస్త మెల్లగా.

“ఏందన్నరు సారు?”

“నేను తీసేశాను.”

“ఇనవడ్తలేదు సారు, జర గట్టిగ.”

మూడోసారి మా ఆయన అరిచి చెప్పాల్సి వచ్చింది. పై ఫ్లాటువాళ్ళు కూడా విని ఉంటారు. తీసేసింది తానేనని అంత గట్టిగా ఒప్పుకోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

లస్మయ్యకి కోపం రాలేదు. తువ్వాలు సంగతి విని నవ్వాడు. “రైల్ల తువ్వాల ఏరె సారు, సాంచా మీద తువ్వాల ఏరె. నేను సాంచా బాగుజేస్తుంటె దాని మీద నా తువ్వాల ఏస్త. తువ్వాల ఉన్న సాంచాకు సేటు గూడ బటన్ ఒత్తడు. లోపట నా చెయ్యి ఉంటది గద.”

మా ఆయన ముఖం చిన్నబోయింది. అయినా తప్పు ఒప్పుకోవడానికి మనసొప్పక, “పోనీ మళ్ళీ రాయండి. ఈసారి ఆధారాలతో” అన్నారు.

అప్పటిదాకా మాట్లాడని భూదేవి అంది: “మల్ల రాయనీకి ఆయినకు ఇనవడాలె గద సారు. అండ్ల సగం చప్పుళ్ళు ఆయిన ఇనుడు అదే ఆఖరు.”

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక మా ఆయన లేచి ఆ బటన్ నొక్కుతారని చూస్తున్నాను. ఆయనేమో గొంతు సవరించుకుని, తీసేసిన పేజీ తిరిగి తేవాలంటే దరఖాస్తు పెట్టాలనీ, ఏడు రోజులు ఆగాలనీ, నిర్వాహకులిద్దరూ ఒప్పుకోవాలనీ, ఇందుజ పరీక్షల డ్యూటీలో ఉందనీ చెప్పారు. ఆ నియమం రాసింది కూడా ఆయనే. తానే కట్టిన గోడని తానే దూకితే ఎలా అని ఆయన బాధ. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్ళగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. పాస్‌వర్డు టేబులు అద్దం కింద ముత్యాల్లాంటి దస్తూరీతో రాసి ఉంటుంది. ఒక్క నొక్కుతో లస్మయ్య పేజీ తిరిగొచ్చింది. నేనొచ్చి పోపు వేసుకున్నాను.

ఆయన బయటికొచ్చి చూస్తే చిట్టాలో ‘తిరిగి తెచ్చినవారు: సూర్యప్రకాశరావు’ అని ఉంది. తాను చెయ్యని పని తన పేరు మీద ఉండటమా? పేజీ మీద ఏ కోపమూ లేకపోయినా, రికార్డు సరిగ్గా ఉండాలని మళ్ళీ తీసేశారు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేను మళ్ళీ తెచ్చాను. లేచి మళ్ళీ తీశారు. సాయంత్రం ఆయన పాలకి వెళ్ళినప్పుడు నేను మళ్ళీ తెచ్చాను. పాలతో వచ్చి మళ్ళీ తీశారు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో మేము అంత హుషారుగా పోట్లాడుకున్నది లేదు.

రాత్రి భోజనాలవేళ లస్మయ్య ఫోను చేశాడు. “అమ్మా, పేజీ వస్తుంది, పోతుంది. మా వాడకట్టు కరెంటు తీరుగుంది.”

విషయం ఇందుజకి తెలిసి, ఆదివారం మమ్మల్నందర్నీ డుమస్ సముద్రం ఒడ్డుకి రమ్మంది. అక్కడ వేడివేడి టమాటా భజియాలు వేస్తారు. భజియా నోట్లో ఉంటే ఎవరూ గట్టిగా అరవలేరని ఆ పిల్ల ఆలోచన.

“ఆ శుం ఛే అంకుల్? ఏంటిదంతా? ఒక్క రోజులో ఆరుసార్లా?” అంది ఇందుజ.

“సగం మీ ఆంటీవి” అన్నారు మా ఆయన. నేను బుద్ధిగా ఒప్పుకున్నాను. ఎందుకు చేశానో కూడా చెప్పాను.

ఇక ఈ బటన్ ఎవరి చేతిలో ఉండాలని చర్చ మొదలైంది. అందరికీ ఇచ్చెయ్యాలంది ఇందుజ, అందరూ రాసేది కాబట్టి. అలా ఇస్తే తెల్లారేసరికి ఒక్క పేజీ మిగలదన్నారు మా ఆయన, అనుభవం ఉన్న ఒకరిద్దరికే ఉండాలట. రాసినవాళ్ళకి తప్ప ఎవరికీ ఆ హక్కు లేదని నేను బల్ల గుద్దాను. మా బల్ల ప్లాస్టిక్‌ది కావడంతో చట్నీ ఒలికింది.

లస్మయ్య భజియా తింటూ మా నోళ్ళు కదలడం చూస్తున్నాడు. సముద్రం గాలికి అతనికి ఏమీ వినబడటం లేదు. ఇందుజ ఫోనులో రాసి చూపించింది: మీ ఖాతాలో అయితే ఎలా చేస్తారు?

అతను చదివి, చెయ్యి తుడుచుకున్నాడు.

“సాంచా ఆపనీకి ఎవలైన ఆపచ్చు. ఊడ్వనీకి వచ్చినామె గూడ, పొగ కనవడ్డదంటె బటన్ ఒత్తాలె. అడిగేది లేదు. గని భీము కోసుడు ఏరె.” భీము అంటే వేల పడుగు పోగులు చుట్టిన దూలం అని మాకు చేతులతో చూపించాడు. “అది కోస్తె మల్ల అతుకనీకి నడుం వడిపోతది. అందుకనే నేసెటోడు, మాస్టరు, ఇద్దరు సాంచా కాడ నిలవడి సూసి కోయాలె. ఒక్కడు కోస్తె ఒప్పుకోరు. మల్ల పోగులు అతుకుటానికి మాత్రం ఎవల్ని అడుగుడు లేదు. చెయ్యి ఖాళీగున్నోడు కూసుంటడు.”

మా ఆయన జేబులోంచి పెన్ను తీసి, భజియా పొట్లం కాగితం మీద ఆఫీసు భాషలో నియమాలు రాశారు. తప్పుందనిపిస్తే పేజీని తాత్కాలికంగా ఎవరైనా ఆపొచ్చు. పూర్తిగా తీసెయ్యాలంటే నిర్వాహకులిద్దరు చూసి సంతకం చెయ్యాలి, రాసిన మనిషికి ముందే చెప్పాలి. తిరిగి తేవడానికి నిర్వాహకుల్లో ఏ ఒక్కరైనా చాలు, దరఖాస్తు అక్కర్లేదు. చివర్లో ఇంకో వాక్యం తానే చేర్చారు: మూడో నిర్వాహకుడిగా లస్మయ్య గారిని నియమించడమైనది. గారు అని రాయడం చూసి భూదేవి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన మీద నాకు మళ్ళీ ప్రేమ పుట్టింది. అయితే ఇంటికెళ్ళగానే పేజీని తిరిగి తెచ్చి, పాస్‌వర్డు మార్చేశారు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాం.

వానలు మొదలయ్యాక ఒకరోజు లస్మయ్య ఖాతాలోనే పనిచేసే రాజలింగం పేజీ కింద ఒక మాట రాశాడు. పంతొమ్మిదో చప్పుడు వచ్చిందని పేజీలో చెప్పినట్టే బిగించాడట, అది కాదట, సాంచా ఒక పూటంతా నిలిచిపోయిందట. సేటు ఆ ఏడాదే సగం సాంచాలు మార్చి కొత్తవి పెట్టించాడు. వాటిలో అదే చప్పుడుకి కారణం వేరు.

లస్మయ్య వెళ్ళి ఆ కొత్త సాంచా ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాడట. ఏమీ వినబడలేదు. సాయంత్రానికి ‘మన సూరత్’లో ఒక వినతి వచ్చింది. ‘సాంచా చప్పుళ్ళు’ పేజీ తీసెయ్యాలి. కారణం: ‘రాసినోనికి ఇనవడ్తలేదు. తప్పు జెప్పి ఎవల సాంచా ఖరాబు జెయ్యద్దు.’ మొదటి సంతకం, లస్మయ్య, నిర్వాహకుడు.

అది చదివి నేను ఏడ్చాను. నలభై ఏళ్ళు తన మాట తప్పిపోని మనిషి ఎంత సిగ్గుపడి ఆ ముక్క రాసుంటాడు. రాసినవాళ్ళకే హక్కు అని డుమస్‌లో గొంతు చించుకున్నది నేనే. ఇప్పుడు ఏ నోటితో వద్దంటాను?

ఇందుజ ఫోను చేసింది. “ఆయన రాసిన పేజీ, ఆయనే వద్దంటున్నారు. మనం ఎవరం ఆంటీ? రెండో సంతకం నేను పెట్టేయనా?”

మా ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకున్నారు. “ఆగమ్మా. ఇద్దరూ సాంచా దగ్గర నిలబడి చూడాలన్నాడు కదా అతను. మనం ఫోనుల్లో నిలబడ్డాం.”

మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని షేరింగ్ ఆటోలో లింబాయత్ బయల్దేరారు. అంత సన్నటి సందులో ఆటో వెనక్కి ముందుకి ఆడుతుంటే ఆ చొక్కా ఇస్త్రీ అక్కడే పోయింది. ఖాతాలోకి అడుగు పెట్టగానే నా గుండె అదిరింది. అది చప్పుడు కాదు, గోడ. అందులోంచి ముప్పై ఏడు రకాలు ఏరిన మనిషి చెవులు ఎలాంటివో అప్పుడు తెలిసింది. మా ఆయనవి మంచి చెవులు, నేను గొణుక్కున్నవి కూడా వింటాయి. అక్కడ ఆయనకి ఒక్క ముక్కా తెలియలేదు.

లస్మయ్య మమ్మల్ని చూసి తత్తరపడ్డాడు. మా ఆయన అరవబోయి, లాభం లేదని గ్రహించి, ఫోనులో రాసి రాజలింగానికి చూపించారు: పేజీలో ఒకటి తప్పు. మిగిలినవి?

రాజలింగం నలభై ఏళ్ళ మనిషి. తలదించుకుని, మమ్మల్నీ లస్మయ్యనీ బయట వసారాలోకి తీసుకొచ్చాడు. “మిగిలినయి పక్కా సారు. పాత సాంచాలకు పంతొమ్మిదోది గూడ పక్కానే. నేను అది సదివే నేర్చుకున్న. నేను తీసెయ్యమన్ననా? కొత్త సాంచాకు ఇంకోటి రాయాలె అన్న.”

“నీకు వినబడింది కదా. నువ్వే రాయి” అన్నారు మా ఆయన.

“మాస్టర్ పేజీల నేనెట్ల రాస్త?”

మా ఆయన లస్మయ్య వైపు తిరిగి, ఈసారి మనసారా అరిచారు. “రెండో సంతకం నేను పెట్టను లస్మయ్య గారూ. ఆ పేజీ మీరు రాశారు, నిజమే. చదివి నేర్చుకున్నది మాత్రం వీళ్ళు.”

అయినా లస్మయ్య వినతిని వెనక్కి తీసుకోలేదు. ఒక్క సంతకంతో అది అలాగే ఉండిపోయింది. ఇందుజ కూడా చెయ్యి పెట్టలేదు. ఆ నెలలో రాజలింగం కొత్త సాంచాల చప్పుడు ఒకటి చేర్చాడు. అతన్ని చూసి పక్క ఖాతాల వాళ్ళు రాశారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు దిద్దారు. మా ఆయన రోజూ పొద్దున్నే కాఫీ పక్కన పెట్టుకుని అవన్నీ నాకు పైకి చదివి వినిపించేవారు, అర్థం కాకపోయినా.

మొన్న లస్మయ్య ఒక్కడే వచ్చాడు. ఇప్పుడతనికి దాదాపు ఏమీ వినబడదు, ఏది చెప్పాలన్నా రాసి చూపిస్తాం. కుర్చీలో కూర్చుని ఫోను తీసి, ‘సాంచా చప్పుళ్ళు’ పేజీ తెరిచి మా ఆయన ముందు పెట్టాడు.

“సారు, నిన్న ఖాతాల కూసోని రాజలింగం రాసింది సదివిన. ఎండిన చింతకాయ ఊపినట్టు అని రాసిండు సూడుండ్రి. నేను ఎన్నడు ఇనని చప్పుడు అది. సదువుతుంటె ఇనవడ్డది సారు. నిజంగ ఇనవడ్డది. మల్ల మొదటికెళ్ళి అన్ని సదివిన. అన్ని ఇనవడ్డయి.”

అతని ముఖం వెలిగిపోతోంది. నేను మంచినీళ్ళు తేవడానికని లోపలికి వెళ్ళి, కాసేపు అక్కడే నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి లస్మయ్య ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తన వినతిని రద్దు చేస్తున్నాడు. కారణం గడిలో ఏం రాశాడో మా ఆయన భుజం మీదుగా చదివాను.

‘ఇప్పుడు నా చెవులు ఇయ్యే. తీసెయ్యద్దు.’